తిరుగుడు గురించి కొట్లాడుకున్న ఆదివారాలు

మా పరిచయం నా ఫోను మాటలతో మొదలైంది. చాలా దూరాన, తెలుగు వినబడని ఒక ఊళ్ళో, ప్లాస్మా పరిశోధన చేసే సంస్థలో అప్పుడే చేరాను. మెస్సు బయట నిలబడి, కన్నడ సీమలో తెలుగు మాట్లాడే మా చింతామణిలో ఉన్న అన్నతో మాట్లాడుతున్నాను. ఆయనకు కిరాణా అంగడి ఉంది. ఫోనెత్తి సగం నాతో, సగం గిరాకీతో మాట్లాడతాడు. "యాడుండావన్నా, నా మాట ఇనబడ్తాండాదా?" అని నేను అరుస్తుంటే, చేతిలో అన్నం తట్టతో పోతున్న ఒకావిడ టక్కున ఆగిపోయింది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. నేను ఫోను పెట్టేదాకా అక్కడే నిలబడింది.

"ఏమ్మే, మీది యా ఊరు?"

"చింతామణి."

"నాది సోమేనహళ్ళి. గుడిబండె తాలూకు." తట్ట అక్కడే ఉన్న బల్ల మీద పెట్టి పక్కకు జరిగింది. "రా, కూర్చో. ఇక్కడ పప్పులో చక్కెర వేస్తారు, ముందే చెప్తాండా."

ఆ పూట నుంచి ఆమె నాకు అక్క. సోమేనహళ్ళిలో పొలమున్న ఇంటి బిడ్డ. ఆ ఇంట్లో కాలేజీ గడప దాటిన మొదటి మనిషి. అప్పటికే అక్కడ పీహెచ్‌డీ ముగింపులో ఉంది. నా గైడూ ఆమె గైడూ ఒకరే, నాకిచ్చిన విషయమూ ఆమెదే. కాబట్టి పని నేర్పించే భారం ఆమె మీదే పడింది.

ఆ పని ఏమిటో చెప్పకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. సూర్యుడిలో హైడ్రోజన్ కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి శక్తి పుట్టినట్టు భూమ్మీద కూడా పుట్టించాలని చాలా దేశాల్లో ప్రయత్నం జరుగుతోంది. నడుమ చిల్లున్న వడ లాంటి పెద్ద ఉక్కు పాత్ర. అందులోని గాలంతా తోడేసి, కొంచెం హైడ్రోజన్ వదిలి, విపరీతంగా వేడి చేస్తే అది విద్యుదావేశమున్న కణాలుగా విడిపోయి ప్లాస్మా అవుతుంది. గోడకు తగలకుండా అయస్కాంతాలు దాన్ని పట్టుకుంటాయి. ఆ పట్టు పూర్తి పట్టు కాదు. కణాలు కొన్ని అంచు దాటి పోయి గోడను తాకుతాయి, అక్కడ చల్లబడి మామూలు హైడ్రోజన్‌గా మారి మళ్ళీ ప్లాస్మాలోకి వస్తాయి. ఇంగ్లీషులో దీన్ని రీసైక్లింగ్ అంటారు.

పోయింది తిరిగొస్తే మంచిదే గదా అని నేను మొదట అనుకున్నాను. అక్క నవ్వింది. "పొయ్యేటప్పుడు వేడి ఎత్తుకోని పోతాది. వచ్చేటప్పుడు ఉత్త చేతుల్తో వస్తాది. వచ్చి మళ్ళా ఇంకొకరి వేడి అడుగుతాది."

అంతే విషయం. చల్లగా వచ్చిన అణువు అంచులో ఉన్న వేడిని తీసుకుని మళ్ళీ విడిపోతుంది. కొన్నిసార్లు వేడి కణం ఒకటి చల్లటి అణువు దగ్గర ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. ఇక దానికి విద్యుదావేశం ఉండదు, అయస్కాంతానికి దొరకదు, వేడితో సహా నేరుగా గోడకు పోతుంది. ఇట్లా అంచు చల్లబడుతుంది. అంచు చల్లబడి నడుమ మాత్రం వేడిగా ఉంటే లోపల అలజడి పెరిగి, నడిమి వేడి కూడా తొందరగా కారిపోతుంది. పాత్రలో వేడి ఎంతసేపు నిలుస్తుందనేది చివరికి గోడ మీద కూడా ఆధారపడి ఉంటుంది. అందుకని పాత్రను బాగా కాచి, గోడను శుభ్రం చేసి, పలచగా లిథియం పూత పూస్తారు. కొత్త పూత వచ్చిన హైడ్రోజన్‌ను మింగేస్తుంది, వెనక్కి పంపదు. యంత్రాన్ని కొన్నిసార్లు నడిపాక పూత నిండిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది.

వీటన్నిటికీ మేం మా మాటలు పెట్టుకున్నాం. రీసైక్లింగ్ మాకు తిరుగుడు. వేడి నిలిచే కాలం నిలకడ. పూత నిండిపోతే, గోడకు కడుపు నిండిందనేవాళ్ళం. యంత్రాన్ని ఒకసారి నడపడాన్ని మాత్రం అందరిలాగే షాట్ అనేవాళ్ళం. దానికి తెలుగు వెతకాలని ఎందుకో తోచలేదు.

అక్క పీహెచ్‌డీ ముగించి బాగేపల్లిలో కాలేజీ లెక్చరరుగా వచ్చేసింది. తరువాత కొన్నేళ్ళకు నాకు చిక్కబళ్ళాపురం కాలేజీలో దొరికింది. ఇద్దరం పెళ్ళి చేసుకోలేదు. ఆమె ఎందుకు చేసుకోలేదో నేనడగలేదు, నన్నూ ఆమె అడగలేదు. మా ఇండ్లల్లో వాళ్ళు అడిగీ అడిగీ మానుకున్నారు. బస్టాండుకు దగ్గర్లో ఒక మిద్దె మీద గది తీసుకున్నాను. కింద ఇంటివాళ్ళది పట్టు వ్యాపారం, పొద్దున పోతే సాయంత్రం దాకా తలుపు తాళమే.

మా గైడు మంచిమనిషి. పాత షాట్ల డేటా ఇంకా చాలా చూడకుండా పడి ఉంది, మీరిద్దరూ ఇంటి నుంచే చూసిపెట్టండి అన్నాడు. ఆదివారాలు అట్లా మొదలైనాయి. అక్క బాగేపల్లిలో బస్సెక్కి పొద్దున పలహారం వేళకు వచ్చేది. నేను రాగిముద్ద చేసేదాన్ని, అందులోకి ఉప్పుసారు ఆమె చేసేది, నా చేతి ఉప్పుసారు ఆమె నోట పెట్టుకునేది కాదు. తిని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే సాయంత్రం ఆఖరు వెలుగు పోయేదాకా.

మిగతా వారమంతా నేను కన్నడంలో పాఠం చెప్పేదాన్ని. ఇంగ్లీషులో రాసేదాన్ని. రెండూ బాగానే జరిగేవి. కానీ ఒక విషయం మీద గట్టిగా అనుమానపడాలంటే, కాదు అని ఎదురు చెప్పాలంటే, నాకు తెలుగే కావాలి. నాకీ సంగతి తెలిసింది అక్కతో కొట్లాడినప్పుడే.

పెద్ద కొట్లాట లిథియం షాట్ల మీద వచ్చింది. పూత పూయకముందు షాట్లు, పూసిన వెంటనే షాట్లు పక్కపక్కన పెట్టి చూశాను. తిరిగొచ్చిన చల్లటి హైడ్రోజన్ అంచులో ఎర్రటి వెలుగిస్తుంది, దాన్ని కొలిస్తే తిరుగుడు ఎంతో తెలుస్తుంది. పూత తరువాత ఆ ఎరుపు బాగా తగ్గింది, నిలకడ బాగా పెరిగింది. గీత చక్కగా వచ్చింది. ఆ ఆదివారం అక్క చెప్పులు విప్పకముందే చూపించాను.

చాలాసేపు చూసింది. "బాగుండాది. కానీ ఇది గోడ వల్లేనని ఎట్ల చెప్తావు?"

"ఎరుపు తగ్గిందక్కా. కనబడ్తాండాది గదా."

"సాంద్రత కూడా తగ్గింది. లోపల కణాలే తక్కువుంటే లెక్కంతా మారిపోతాది. సాంద్రత ఒకటే ఉన్నప్పుడు చూపించు, ఒప్పుకుంటా."

"గోడ మింగేస్తాంటే సాంద్రత ఎట్లుంటాది? బయట్నించి ఇంకా గ్యాసు వదలాల."

"ఆ గ్యాసు మాత్రం వేడిగా వస్తాదా? గోడ నుంచి వచ్చినా, వాల్వు నుంచి వచ్చినా చల్లదనం చల్లదనమే. నువ్వు గోడ తప్పు తీసి వాల్వు నెత్తిన పెడ్తాండావు."

నాకు కోపమొచ్చింది. నెలల పని. గొంతు పెరిగింది నాకు. ఆమె గొంతు పెంచదు, అదే ఇంకా మండేది. ఆ రోజు ముద్ద ఎవరి మూల వాళ్ళం కూర్చుని తిన్నాం. బస్టాండుకు మాత్రం ఎప్పటిలాగే తోడు పోయాను. బస్సెక్కి కిటికీలోంచి తల బయటపెట్టి, "వాల్వు మూసినాక ఏమైతాదో చూడు మే" అంది. "మూసిన తరువాత కొంచెంసేపు సాంద్రత దిగుతా వస్తాది. పాత షాట్లోనూ దిగుతాది, కొత్త షాట్లోనూ దిగుతాది. దిగేటప్పుడు యాడో ఒక చోట రెండింట్లో ఒకటే అయ్యుండాల. ఆ క్షణాలు పట్టుకో." బస్సు కదిలింది.

ఎంత సులువు! వాల్వు మూసి ఉంది కాబట్టి బయటి చల్లదనం లేదు, సాంద్రత ఒకటే, తేడా గోడదే. కొత్త షాట్లేవీ అక్కర్లేదు, ఉన్నవాటిలోనే వెతకాలి. గదికొచ్చి మెట్ల మీదే కూర్చుని ఆమె ఇల్లు చేరేదాకా ఆగి ఫోను చేశాను. "సరేనక్కా" అన్నాను. "సరే అంటే చాలదు, పని చెయ్యి" అంది.

అట్లాంటి క్షణాలు వెతకడం పెద్ద పని. ఒక్కో షాటూ తెరిచి, ఎప్పుడు వాల్వు మూసుకుంది, అప్పుడు వేడి ఎంత, ఎరుపు ఎంత అని చూడాలి. పాతవి ఆమె, కొత్తవి నేను పంచుకున్నాం. చలికాలం నడుస్తుండగా సగానికి పైగా అయిపోయింది.

ఒక ఆదివారం ఆమె రాలేదు. ఆలస్యమైతే ముందే చెప్పే మనిషి. ఫోను చేశాను. ఎత్తింది.

"యాడుండావక్కా? బస్సు దొరకలేదా?"

"నీళ్ళు పోసినా" అంది. "బస్సుకి... ఆకు... అది పోసినా గదా."

తమాషా చేస్తోందేమో అనుకున్నా. రెండో మాటకే అది తమాషా కాదని తెలిసింది. గొంతు ఆమెదే. మాటల్లోని ఎత్తూ పల్లమూ ఆమెవే. లోపల అర్థం లేదు. నేను "అక్కా, అక్కా" అంటున్నాను, ఆమె ఏదో విసుగుతో, ఇంత చిన్న సంగతి అర్థం కాదా అన్నట్టు, అవే మాటలు మళ్ళీ చెబుతోంది. ఇంతలో ఆమె వదిన ఫోను తీసుకుంది. పండుగ దినుసులు కొనడానికి ఊరి నుంచి వచ్చి అక్కడే ఉందట, అదృష్టం. "ఏమైందో తెలీదమ్మా, చెయ్యి ఎత్తలేక పోతాంది, మూతి పక్కకు పోయింది" అని ఏడుస్తోంది. వెంటనే ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాను. వాళ్ళు కారులో చిక్కబళ్ళాపురం మీదుగా బెంగళూరుకు పోతుంటే దారిలో నేనూ ఎక్కాను. వెనక సీటులో ఆమె నా చెయ్యి పట్టుకుని ఏదేదో చెబుతూనే ఉంది. ఒక్క మాటా అతకలేదు. అయినా ఊఁ కొడుతూనే కూర్చున్నాను.

మెదడులో రక్తనాళం మూసుకుందన్నారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు సన్నగిల్లాయి. మాట మాత్రం పోయింది. డాక్టరు చెప్పింది నాకు బాగా గుర్తుంది: బుద్ధి పోలేదు, అర్థమవుతుంది, మాట దొరకడమే కష్టం, మెల్లగా కొంత రావచ్చు. ఎంత వస్తుందో చెప్పలేను అన్నాడు.

మెల్లగా వచ్చింది. మొదట వచ్చింది "కాదు". అన్నిటికీ కాదే. అన్నం తింటావా అంటే కాదు అంటూనే నోరు తెరిచేది. తరువాత తెలుగు చిన్న చిన్న ముక్కలుగా, ఆ వెనక కన్నడం కొంచెం. ఇంగ్లీషు రాలేదు. ఇంగ్లీషులో రాసింది చూపిస్తే అక్షరాలు గుర్తుపట్టేది, మాట పట్టుకునేది కాదు. కాలేజీ ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. బాగేపల్లి ఇల్లు ఖాళీ చేసి వదిన ఆమెను సోమేనహళ్ళికి తీసుకుపోయింది.

మిగిలిన షాట్లు నేనే చేశాను. ఆమె వంతువి కూడా. ఆదివారం పొద్దున అలవాటుగా ముద్దకు ఎసరు ఇద్దరికి పెట్టేసేదాన్ని. ఒక్కదానికి ముద్ద కెలకడం నాకింకా రాదు, మరీ గట్టిగా అయిపోతుంది. పనిలో ఏదైనా తేడా కనబడితే, "అక్కా, ఇది చూడు" అని నోటిదాకా వచ్చేది. కాలేజీలో తోటి ఉపన్యాసకులు మంచివాళ్ళే. ఒకసారి భోజనం వేళ ఒకామెకు తిరుగుడు గురించి చెప్పబోయాను. ఓపికగా విని, "మీకు భలే ఓపిక మేడమ్" అంది. ఆమె తప్పేమీ లేదు. గైడుతో ఫోనులో మాట్లాడేదాన్ని. కానీ ఆయన తొందరలో ఉంటాడు, సరే అంటాడు. నాకు సరే అనేవాళ్ళు అక్కర్లేదు.

అన్నీ అయ్యాక చుక్కలు దాదాపు అన్నీ ఒక గీత మీద వచ్చాయి. సాంద్రత ఒకటే ఉన్నప్పుడు కూడా తిరుగుడు తక్కువున్న షాట్లలో నిలకడ ఎక్కువే. నేను మొదట చూపించినంత ఎక్కువ కాదు. అందులో చాలా భాగం అక్క చెప్పినట్టు సాంద్రత వల్ల వచ్చిందే. గోడ వల్ల వచ్చింది కొంచెమే. కానీ ఆ కొంచెం నిజం.

ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బస్సెక్కి, గుడిబండెలో మారి సోమేనహళ్ళి పోయాను. అక్క పడసాలలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి మొహం వెలిగింది. "వచ్చినావా" అంది, స్పష్టంగా. వదిన కాఫీ ఇచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచి ఆమె ఒడిలో పెట్టాను. మా తెలుగులోనే, నిదానంగా, ఏ అక్షం మీద తిరుగుడు, ఏ అక్షం మీద నిలకడ, ఏ చుక్కలు పూతకు ముందువి, ఏవి తరువాతవి చెప్పాను. నా మొహం చూసింది, తెర చూసింది, మళ్ళీ నా మొహం చూసింది. కళ్ళల్లో అలసట.

అప్పుడు ఎడమ చెయ్యి ఎత్తి, గీతకు కొంచెం ఎడంగా ఉన్న ఒక చుక్క మీద వేలు పెట్టింది. "కాదు" అంది.

"ఇదా అక్కా? ఈ షాటు కాదా?"

"కాదు."

"మరి ఇది?" ఇంకొక చుక్క చూపించాను.

"కాదు" అని, ల్యాప్‌టాప్ నెమ్మదిగా పక్కకు నెట్టింది. "సాలు."

గదికొచ్చాక ఆ మొదటి చుక్క షాటు తెరిచి చూశాను. వాల్వు మూసుకున్నట్టు సంకేతం ఉంది, సరే. కానీ పాత్రలో గ్యాసు ఒత్తిడి మూసిన తరువాత కూడా పెరుగుతూనే ఉంది. వాల్వు కారుతోంది. ఆ షాటు లెక్కలో ఉండకూడదు. తీసేశాను. రెండో చుక్కను కూడా అంతే జాగ్రత్తగా చూశాను. అందులో ఏ లోపమూ లేదు.

తరువాతి సారి పోయినప్పుడు చెప్పాను. "అక్కా, నువ్వు చూపించిన షాట్లో వాల్వు కారుతాండింది. నీకెట్ల తెలిసింది?" ఆమె నన్ను చూసి, "తిన్నావా?" అంది. అది చూసి చెప్పిందా, నోటికి దొరికిన ఒకే మాట చెప్పిందా, నాకు తెలీదు. ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు.

ఫలితాలు చెప్పడానికి సంస్థలో సభ పెట్టారు. నేను గదిలోంచే, తెర ముందు కూర్చుని చెప్పాను. మొదటి పేజీలో ఆమె పేరు ముందు, నాది వెనక. చివర్లో ఒక కుర్ర పరిశోధకుడు అడిగాడు, వాల్వు మూసిన క్షణాలే చూడాలన్న ఆలోచన ఎట్లా వచ్చిందని. చిక్కబళ్ళాపురం బస్టాండులో, బస్సు కిటికీలోంచి వచ్చిందని చెప్పాలనిపించింది. నా సహోద్యోగినిది అని ఇంగ్లీషులో చెప్పాను. గైడు అందరి ముందూ ఆమె ఆరోగ్యం అడిగాడు. మెరుగ్గా ఉంది అన్నాను. చప్పట్లు కొట్టే బొమ్మలు తెర మీద కాసేపు లేచి పోయాయి. తెర మూశాక గది అట్లాగే ఉంది. కింద ఇంటివాళ్ళింకా రాలేదు. కుక్కరులో పొద్దుటి అన్నం ఉంటే మజ్జిగ పోసుకుని తిన్నాను.

ఇప్పుడు ఆమె తెలుగు చాలావరకు బాగైంది. వాక్యం మధ్యలో ఆగి మాట కోసం వెతుకుతుంది, నేను అందించను, ఆమెకు నచ్చదు. వంటింట్లోకి కర్ర సాయంతో పోయి వదిన పులుసులో చింతపండు ఎక్కువైందని పోట్లాడుతుంది. నాలో ఆశ పుట్టింది. పోయిన చలికాలం, అనపకాయల కాలంలో, ముగ్గురం పడసాలలో కూర్చుని పితికిన పప్పు పులుసుకు నానిన గింజల పొట్టు వొలుస్తుంటే, సంస్థలో పాత్ర లోపల కొత్త గోడ పలకలు వేసి తీసిన డేటా వచ్చిందని మెల్లగా మొదలుపెట్టాను.

అక్క ఎడమ చేత్తో గింజను నొక్కి పప్పు గిన్నెలో వేసింది. ఇంకొకటి తీసుకుంది.

"అది నాకు... బరువైపోయింది మే" అంది. "నువ్వు చెప్తాంటే యాడో ఇనినట్టుంటాది. అందుకోవాలంటే తల నొస్తాది. నువ్వు చేసుకో."

"నువ్వు లేకుండా ఎట్లక్కా? ఎవురు కొట్లాడ్తారు నాతో?"

చాలాసేపు వెతికింది మాట కోసం. వదిన కూడా వొలవడం ఆపి చూస్తోంది. "ఎవురూ కొట్లాడరు" అంది చివరికి. కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు. తరువాత నా ముందున్న గిన్నె చూసి, "పొట్టు యాలమ్మా పప్పులో వేస్తాండావు?" అని కసిరింది.

ఆ రోజు పులుసు బాగా కుదిరింది. చీకటి పడకముందే బస్సు కోసం బయలుదేరాను. వదిన డబ్బాలో పులుసు పోసి ఇచ్చింది, అక్క గడప దాకా కర్రతో వచ్చి, మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. రెండువారాలకు అన్నాను.

కొత్త పలకల డేటా నా దగ్గరే ఉంది. దాన్ని చూడటం మొదలుపెట్టాను. గోడ మారింది కాబట్టి తిరుగుడు ఎట్లుందో మొదటి నుంచి చూడాలి. చూసింది నిజమా కాదా అని ఇప్పుడు నన్ను నేనే అడగాలి. గట్టిగా అడగడం నాకింకా అలవాటు కాలేదు, తొందరగా ఒప్పేసుకుంటాను. నిన్న ఒక షాటు తెరిచేలోపు కరెంటు పోయింది. కిటికీ తెరిచి, బస్టాండు చప్పుడు వింటూ, కరెంటు వచ్చేదాకా కూర్చున్నాను.